మా అత్తమ్మ వేసిన కేసు

మా ఆయన బతికున్నప్పుడే ఆ పిండాలు తయారైనయి. పెండ్లయి ఆరేండ్లయినా పిల్లలు కాలేదని ఇద్దరం కరీంనగర్‌ల ఒక ప్రైవేటు దవాఖానకు తిరిగినం. సూదిమందులు ఇచ్చి నా గుడ్లు తీసిండ్రు, ఆయన బీజంతోని కలిపి గాజు గిన్నెలల్ల పెంచిండ్రు. నాలుగు నిలబడ్డయి. ఒకటి నా గర్భంల పెడితే అది నిలువలే. "మిగిలిన మూడింటినీ గడ్డకట్టించి దాస్తాం. మీరు ఎప్పుడు సిద్ధమంటే అప్పుడు చూద్దాం" అన్నది డాక్టరమ్మ. ఇద్దరం సంతకాలు పెట్టి వచ్చినం. ఆయనకు సెలవు లేకుండె, ఆ సాయంత్రమే బొగ్గుబావిల సెకండ్ షిఫ్టుకు పోయిండు.

ఆ ఎండకాలంలనే ఆయన చనిపోయిండు. బావిల కాదు. డ్యూటీ దిగి, బసంత్‌నగర్ల చుట్టాలింటికి బండి మీద పోతుంటే సిమెంటు లారీ గుద్దింది. ఆయన నౌకరి కింద కంపెనీ నాకు పని ఇచ్చింది. బావిలకు దిగేటోళ్లకు టోపీ దీపాలు ఇచ్చుడు, వాళ్లు పైకి వచ్చినంక తీసుకొని ఛార్జింగ్‌కు పెట్టుడు. క్వార్టర్ కూడ నా పేరు మీదికి మారింది. ఆయన ఒక్కడే కొడుకు. రిటైరైన మామయ్య దగ్గుతోని మంచం దిగుతలేడు. మామయ్య, అత్తమ్మ, నేను, ముగ్గురం అదే ఇంట్ల ఉండిపోయినం.

ఏడాది నిండినంక చర్చోళ్లను పిలిచి జ్ఞాపకార్థ కూడిక పెట్టినం. అందరు తిని పోయినంక అత్తమ్మ గిన్నెలు బోర్లేసుకుంట అడిగింది.

"ఇగ ఏడాది అయిపాయె. దవాఖానకు ఎప్పుడు పోదాం?"

"ఎందుకత్తమ్మా, ఒంట్ల బాగలేదా?"

"నాకేమైంది? పిల్లలను తెచ్చుకోవద్దా?"

నాకు సమజ్ కావడానికి కొంచెం సేపు పట్టింది. "అవి పిల్లలు కావు అత్తమ్మా. పిండాలు" అన్న.

"పిండాలనకు. పిండాలు సచ్చినోళ్లకు పెడ్తరు. వాళ్లు నా కొడుకు పిల్లలు. గంత చలిల ఎన్ని దినాలు పండుకుంటరు?"

పిల్లలు కావాలని నాకు లేకుండె అని కాదు. ఆయన పక్కన ఉన్నప్పుడు కావాలనుకున్న. ఆయన మట్టిల కలిసినంక ఆయన మొఖం మళ్ల నా కడుపుల తయారైతదంటే ఏడుపు వచ్చేది, భయం కూడ అయ్యేది. ఏది ఎక్కువనో నాకే తెలిసేది కాదు. "ఆలోచిస్త" అని ఊకున్న.

మరుసటి ఆదివారం అత్తమ్మ పాస్టరయ్యను ఇంటికి తోల్కొచ్చింది. ఆయన సంగతంత ఇన్నడు. "అది ప్రాణమేనని నేను నమ్ముత బిడ్డా" అన్నడు ఆఖరికి. "కానీ తండ్రి సమాధిల ఉన్నంక బిడ్డను పుట్టియ్యాలె అని నీకు చెప్పేటందుకు నాకు వాక్యం దొరుకుతలేదు."

అత్తమ్మ మొదటి మాటే పట్టుకున్నది. ఆ దినం నుంచి సాయంత్రం కుటుంబ ప్రార్థనల ఆమె ముగ్గురి కోసం ప్రార్థన చేసేది. "చలిల ఉన్న నా మనుమలను కాపాడు తండ్రీ" అని ఆమె అంటే, మామయ్య, నేను ఆమెన్ అనేటోళ్లం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌ గనిల బ్లాస్టింగ్ అయ్యి కిటికీలు అదిరితే చేతుల పని ఆపి, "అక్కడ కరెంటు పోతే ఎట్ల?" అని అడిగేది. దవాఖానకు ఫోన్ చేసి అదే అడిగేదట. వాళ్లు ముందు ఓపికగ చెప్పిండ్రు, తర్వాత ఫోన్ ఎత్తుడు బందు పెట్టిండ్రు.

ఒకనాడు పనిల నాకు జ్వరం వచ్చింది. ఇన్‌చార్జి సార్ చూసి ఇంటికి పొమ్మన్నడు. క్వార్టర్ తలుపు దగ్గరికేసి ఉన్నది. లోపల అత్తమ్మ గొంతు వినపడ్డది.

"నీ పేరేంది?"

ఒక ఆడపిల్ల గొంతు నా పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.

"భర్త పేరు?"

మా ఆయన పేరు చెప్పింది.

"ఎట్ల పోయిండు?"

"బసంత్‌నగర్ కాడ లారీ గుద్దింది."

"గట్ల పాఠం అప్పజెప్పినట్టు కాదు బిడ్డా. జర ఏడ్చుకుంట చెప్పాలె. మళ్ల చెప్పు."

నేను తలుపు నూకిన. నస్పూర్ల ఉండే అత్తమ్మ చుట్టాలమ్మాయి, మొగుడు వదిలేసి పోయినామె, కుర్చీల కూర్చుండి ఉన్నది. ఒంటి మీద నా పసుపుపచ్చ చీర. పాపిట నా లెక్కనే పక్కకు తీసి ఉన్నది. ఒళ్లె నా ఆధార్ కార్డు. నన్ను చూసి బెదిరి లేచి నిలబడ్డది.

"అక్కా, నాకేం తెల్వదు. పెద్దమ్మ రమ్మంటే వచ్చిన."

అత్తమ్మ కదలలే. "నువ్వు మొయ్యనంటివి. ఇది మోస్తనన్నది. నీకేంది నష్టం?" అన్నది.

"నేనెప్పుడు మొయ్యనన్న?"

"మోస్తనని కూడ అనకపోతివి."

"దవాఖానోళ్లు మొఖం గుర్తువట్టరా అత్తమ్మా?"

"మాస్కు ఉంటది గదా" అన్నది, ఉప్పు ఎక్కడున్నదో చెప్పినట్టు.

లోపలి మంచం మీదికెళ్లి మామయ్య దగ్గుకుంట, "వద్దని చెప్పిన, ఇన్లే" అన్నడు. అని గోడ దిక్కు తిరిగిండు. ఆ పిల్ల వెనుక అర్రల చీర మార్చుకొని, నా చీర మడత పెట్టి చేతికిచ్చి, జల్ది జల్ది బస్సుకు పోయింది. జ్వరంతోని పండుకుంటే నాకు కండ్లు మూతపడలే. నా పేరు ఇంకొకామె నోట్లకెళ్లి వచ్చిన తీరే చెవులల్ల తిరిగింది. ఆ పిల్ల ఇంకో వారం మంచిగ నేర్చుకుంటే ఏమయ్యేది అని అనుకున్న.

తెల్లారి కరీంనగర్ పోయిన. నేను చెప్పింది విని డాక్టరమ్మ మొఖం పాలిపోయింది. "మీ వారు లేరు కాబట్టి మీ మాటే చెల్లుతుంది. మీరు స్వయంగా రాకుండా ఇక ఏదీ జరగదు" అని నా వేలిముద్రలు, ఫొటో తీసుకున్నది. తర్వాత మెల్లగ అన్నది, "వద్దనుకుంటే రాసివ్వండి, తీసేస్తాం. పరిశోధనకైనా ఇవ్వచ్చు."

"తీసేసుడు అంటే ఏం చేస్తరు మేడం?"

"బయట పెడతామమ్మా. కాసేపటికి వాటంతట అవే..." అని ఆగిపోయింది.

వచ్చేటప్పుడు బస్సుల తేల్చుకున్న. నేను ఇంట్ల లేనప్పుడు ఎవరన్న నన్ను తొడుక్కొని పోయేటట్టు ఉంటే, నాకు ఆ దాచుడే వద్దు. కానీ అత్తమ్మకు చెప్పకుండ చేస్తే నాకూ ఆమెకూ తేడా ఏముంటది? అందుకే ముందు ఇంట్లనే చెప్పిన. "అత్తమ్మా, నేను వద్దని రాసిస్తున్న."

ఆమె బియ్యం కడుగుతున్నది. చెయ్యి ఆపలే. నీళ్లు వంపి, పొయ్యి మీద పెట్టి, "సరే" అన్నది. గంతే. నేను తేలికపడ్డ. మరునాడు పొద్దుగాల ఆమె మంచి చీర కట్టుకొని పెద్దపల్లి పోయింది.

కొన్ని దినాలకు పెద్దపల్లి కోర్టు నోటీసు వచ్చింది. నేను డ్యూటీల ఉంటే పోస్టుమ్యాన్ దగ్గర ఆమెనే తీసుకొని పెట్టింది. నేను వచ్చి చేతులు కడుక్కున్నంక చాయ్‌తో పాటు ఇచ్చింది. "నీకు వచ్చింది" అన్నది. కోడలు తన కొడుకు చివరి సంతానాన్ని నాశనం చేయబోతున్నదని, ఆపాలని ఆమె వేసిన కేసు అది. దవాఖాననూ పార్టీ చేసింది. తేలేదాక వాటిని ఎవరూ ముట్టుకోవద్దని కోర్టు చెప్పింది.

నా దిక్కు వకీలు నెత్తి పట్టుకున్నడు. అవి ఆస్తి అయితే కొడుకు ఆస్తిల కన్నోళ్లకు వాటా ఉన్నది. మనుషులు అయితే తీసేసుడు హత్య లెక్క. రెండూ కాకపోతే మరి అవి ఏందని జడ్జి గారే అడిగిండు. ఆ దినం రెండు దిక్కుల వకీళ్లూ గడువు కావాలన్నరు.

వాయిదాకు మేమిద్దరం ఒక్క బస్సులనే పోతం. వేరు వేరుగ పోవుడు మాకు తోచలేదు. ఆమె ఇద్దరికీ ఒక్క డబ్బల పులిహోర కడుతది. కోర్టు ఆవరణల చెట్టు కింద కలిసి తిని, పేరు పిలిచినప్పుడు ఆమె ఒక దిక్కు, నేను ఒక దిక్కు నిలబడతం.

పోయిన వాయిదా నుంచి వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుండి అడిగింది.

"నీకు ఇప్పుడు ఎన్నేండ్లు?"

"ముప్పై మూడు."

"మా వకీలు చెప్పిండు. కేసు ఎంత సాగినా వాళ్లకు వయసు రాదట. దాచిన దినం ఎట్లున్నరో గట్లనే ఉంటరట." బయట బూడిద ట్యాంకర్లు వరసగ పోతున్నయి. వాటిని చూసుకుంట, "నీకే వస్తది" అన్నది.

కోపం లేదు ఆ మాటల. లెక్క చెప్పినట్టే చెప్పింది. స్టాండుల దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తే నా భుజం పట్టుకొని దిగింది.

ఇంట్ల మాకు లొల్లి లేదు. నేను డ్యూటీకి పోయే ముందు ఆమె దినాం పాలు కాచి, నానబెట్టిన బాదం పలుకులు పొట్టు తీసి పెడుతది. "తాగు, ఒంటికి బలం రావాలె" అంటది. బలం ఎందుకు అని నేను అడుగుతలేను. ఆమె నేను తాగేదాక గిలాస దిక్కే చూసుకుంట నిలబడుతది.