కొల్లేటి పాకలోకి వచ్చిన డాక్టరమ్మగారు

ఏలూరు ఆడవాళ్ళ ఆసుపత్రి డాక్టరమ్మగారు పోయారని మొన్న తాడేపల్లిగూడెం స్టేషనులో ఆవిడ దగ్గర పనిచేసిన నర్సు చెప్పింది. నా రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను బల్లమీదే కూర్చుండిపోయాను.

పెద్దమనిషినైన ఏడాది, నెలసరి వస్తే నాకు నెత్తురు ఆగేది కాదు. కొల్లేటి ఒడ్డున మా ఇంటి వెనక పాకలో పడుకుని ఉండేదాన్ని. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. నాకేమో ఒళ్ళు తేలిపోతున్నట్టుండేది. పాకా, చాపా, నేనూ నీళ్ళమీద మెల్లగా ఎటో పోతున్నట్టు. భయం కూడా వేసేది కాదు. అది చూసే అమ్మ భయపడింది. నాన్న వద్దంటున్నా పడవెక్కించి ఏలూరు తీసుకెళ్ళింది.

డాక్టరమ్మగారు నా కనురెప్ప కిందికి లాగి చూశారు. అమ్మను వసారాలో కూర్చోమని, నన్నే అడిగారు.

"గుడ్డ ఎంతసేపటికి తడిసిపోతోందమ్మా? పాలపన్ను ఊడినప్పుడు నెత్తురు తొందరగానే ఆగిందా? ముక్కులోంచి ఎప్పుడైనా కారిందా?"

అప్పటిదాకా నా ఒంటి సంగతి నన్నడిగినవాళ్ళు లేరు.

అమ్మ లోపలికొచ్చి, "దీనికి పిల్లలు పుడతారాండీ?" అంది.

"ముందు ఈ పిల్ల బతకాలి కదండీ," అన్నారావిడ, నెమ్మదిగానే. "గాలీ లేదు, ధూళీ లేదు. ఒళ్ళు ఇంకా కుదురుకోలేదు, అంతే. కొందరికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. ఈలోగా నెత్తురంతా పోనివ్వకూడదు."

ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. నెత్తురు ఆగడానికి మందిచ్చారు. నాలుక నల్లబడే ఇనుప మందు తాగించారు, మేక కార్జం తినిపించారు. మగతలో ఎప్పుడు కళ్ళు తెరిచినా ఆవిడ తెల్లచీర మసగ్గా కనబడేది. ఒక పొద్దున నాకు ఆకలేసింది. ఆ మాట వినగానే అమ్మ ఏడ్చింది.

ఇంటికొచ్చాక, నెల రాగానే మళ్ళీ పాకలోకే పంపారు. ఎలా ఉన్నానో చూద్దామని ఆవిడ చెప్పకుండా పడవలో వచ్చారు. నాన్న వారిస్తున్నా సరాసరి లోపలికొచ్చి, నా చాపమీద కూర్చుని, నా కంచంలోంచి ముద్ద తీసుకుని తిన్నారు.

"వట్టి చప్పిడి కూడేనా? కొల్లేట్లో పుట్టిన పిల్లకి చేప పెట్టరేవండీ?"

మరుసటి నెల నాన్నే, "ఇంట్లోనే పడుకో అమ్మా," అన్నారు. పోనుపోను నెత్తురూ కుదుటపడింది.

ఇప్పుడు జిల్లా బోర్డు బడిలో ఆడపిల్లలకు చదువు చెబుతున్నాను. ఎవరైనా పాలిపోయి తల వాల్చేస్తే, పక్కకు పిలిచి ఆవిడ అడిగినవే అడుగుతాను. "సిగ్గుపడి నెత్తురు పోగొట్టుకోకమ్మా," అనేవారావిడ. అదీ చెబుతాను.

పాకకు వచ్చిన ఆవేళ ఆవిడ తిరిగి వెళుతుంటే గట్టుమీంచి చూశాను. కొంత దూరం పోయాక ఏమన్నారో, పడవవాడు గెడ పైకెత్తేశాడు. పడవ నిలిచింది. గూడబాతులు పక్కనుంచే ఈదుకుంటూ పోతున్నాయి. డాక్టరమ్మగారు చెప్పులు విప్పి, కాళ్ళు నీళ్ళలోకి జారవిడిచి, అలాగే చాలాసేపు కూర్చున్నారు.