మూడో డబ్బా: ఎత్తిపోతల దారిలో మిలిటరీ రేషన్

మన నడక సంఘం వార్తాపత్రంలో, రెండు సంచికల క్రితం, మిలిటరీ రేషన్ పెట్టెల్లో మన నడకలకు ఏది మేలో పోల్చి నేను రాసిన నివేదిక వచ్చింది. అందులో బరువులు, రుచుల గురించి రాసిందంతా నిజం. చివరి పేరా మాత్రం తప్పు. ఆ పేరా వల్ల ఒక మనిషికి రావలసిన ఉద్యోగం రాకుండా పోయింది. అందుకే ఆ ప్రయాణాన్ని మొదటి నుంచీ మళ్ళీ రాస్తున్నాను. అటు వెళ్ళేవారికి బస్సుల వేళలు కూడా పనికొస్తాయి.

మాఘమాసంలో ఒక శనివారం, ఉదయం అయిదు నలభైకి నరసరావుపేట నుంచి మాచర్ల బస్సు ఎక్కాము. నాతో వచ్చింది శావల్యాపురం కోటయ్య. పట్టాళంలో ఇరవై ఏళ్ళు వంటశాల చూసుకుని హవల్దారుగా దిగినవాడు. సెలవు మీద వచ్చిన మేనల్లుడు తెచ్చాడని రెండు రకాల రేషన్ ఇచ్చాడు. ఒకటి డబ్బాల అట్టపెట్టె, రెండోది కొత్తగా వస్తున్న వెండిరేకు పొట్లాలది. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరని కరెంటాఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఫైళ్ళు చూస్తున్న నా నమ్మకం. పైగా మన సంఘం అధ్యక్షులు ప్లీడరుగారు, పేటలో ఒక విద్యార్థుల హాస్టలుకు కోటయ్యను స్టోరుకీపరుగా సిఫారసు చేస్తానని మాటిచ్చి ఉన్నారు. ఈ రేషన్ దానికి బదులేమో అనుకున్నాను.

పెట్టెను బస్సు పైన వేయబోతే కండక్టరు ఆపాడు.

"ఏందన్నా ఇది? నాటుబాంబులైతే ఇక్కడే దిగండి. మొన్నొకడు ఇట్టనే మిరపకాయలని చెప్పాడు."

"బాంబులైతే నీ బస్సెందుకెక్కుతా? జీపు కట్టించుకుంటా," అన్నాడు కోటయ్య. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. పెట్టె మూతకు వేసిన కాగితపు సీలు ఒకవైపు కోసి, మళ్ళీ ఆసుపత్రి ప్లాస్టరుతో అతికించి ఉంది. అదేమిటని అడిగాను.

"ఇంటికాడ ఒకసారి సూసుకున్నాలే, తమ్ముడూ."

చూసుకున్నాడా, తీసుకున్నాడా అని పిడుగురాళ్ళ దాటేదాకా ఆలోచించాను. అక్కడ సున్నపు బట్టీల పొగ బస్సులోకి వచ్చింది. గురజాలలో టీకి పది నిమిషాలు ఆపారు. తొమ్మిదీ పదికి మాచర్ల చేరాము. బస్టాండు పక్కన ఇడ్లీలు తినండి, దోసెలు వద్దు.

అక్కడి నుంచి ఎత్తిపోతల జలపాతం వైపు నడక. రోడ్డు వదిలి అడవి అంచున పోతే ఎండ కొంత తప్పుతుంది. డబ్బాల పెట్టెను మొదట నేనే మోశాను. గంటకే భుజం దిగిపోయింది. పొట్లాల సంచి పుస్తకమంత తేలిక. నడకకు రెండోదే మేలని అప్పుడే తేలిపోయింది.

పన్నెండున్నరకు ఒక నాపరాతి బండ నీడలో ఆగాము. పొయ్యి పెట్టడానికి పుల్లలు వెతుకుతూ నేను కొంచెం దూరం పోయాను. తిరిగి వస్తుంటే కోటయ్య పెట్టె ముందు గొంతుక్కూర్చుని కనిపించాడు. డబ్బాలను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని, వేలిగోటితో కొడుతున్నాడు. ఒకదాన్ని తువ్వాలులో చుట్టాడు. చిన్న పార తీసుకుని చిట్టీతపొదల వెనక్కి పోయాడు. నేను చెట్టు చాటున నిలబడి చూశాను. మోకాలిలోతు గుంట తవ్వి, డబ్బాను అందులో పెట్టి, మన్ను కప్పి, పైన నాపరాయి దొర్లించి, ముళ్ళకంప కూడా వేశాడు. తరవాత దూరంగా మేకలు కాస్తున్న ఒక ముసలావిడ దగ్గరికి పోయి ఏదో చెప్పి వచ్చాడు.

గుర్తు పెట్టుకుని, కాపలా కూడా పెట్టాడు అనుకున్నాను.

భోజనానికి కూర్చున్నప్పుడు పెట్టెలోని చీటీ తీసి చదివాను. పలావు, బఠాణీ కూర, హల్వా: మూడు డబ్బాలని ఉంది. ఉన్నవి రెండు.

"కూర డబ్బా ఏది, కోటయ్యన్నా?"

అతను నా చేతిలోని చీటీ వంక చూశాడు. "ఉన్నది తిను, తమ్ముడూ. ఇద్దరికి సరిపోద్ది."

పలావులో ముప్పాతిక నాకే పెట్టాడు. తను ఇంటి నుంచి తెచ్చుకున్న సజ్జరొట్టె, ఎర్రకారం తిన్నాడు. హల్వా డబ్బా నా చేతిలో పెట్టి, "నాకు తీపి పడదు, నువ్వుంచుకో," అన్నాడు. నోరు మూయించడానికి లంచమనుకున్నాను. ఆ డబ్బా తెరవలేదు. రాత్రి ఎత్తిపోతల దగ్గర సత్రం వరండాలో పడుకుని, మర్నాడు పొట్లాల ఉప్మా తిన్నాము. వేడినీళ్ళు పోస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఉప్పు ఎక్కువ, కానీ తినవచ్చు. తిరుగు ప్రయాణంలో కోటయ్య ఆ బండ వైపు పోలేదు. నేను పక్కనున్నందుకే పోలేదనుకున్నాను.

నివేదిక చివర ఇలా రాశాను: "మాజీ సైనికుల చేతి మీదుగా వచ్చే పెట్టెలను చీటీతో సరిచూసుకోవాలి. మా పెట్టెలో ఒక డబ్బా దారిలో మాయమైంది." పేరు రాయలేదు. రాయవలసిన అవసరం లేదు. మన సంఘానికి తెలిసిన మాజీ సైనికుడు ఒక్కడే. ప్లీడరుగారు అది చదివి, "స్టోరు తాళాలు ఇతనికెట్లా ఇస్తామయ్యా?" అన్నారు. నేను మాట్లాడలేదు. హాస్టలుకు వేరొకరిని పెట్టారు.

ఫాల్గుణంలో నేనొక్కణ్ణే మళ్ళీ అదే బస్సెక్కి వెళ్ళాను. పొట్లాలను ఇంకోసారి పరీక్షించడానికని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆ డబ్బా ఇంకా ఉందో, వచ్చి తీసుకుపోయాడో చూడాలని పోయాను. బండ దగ్గర రాయి కదలలేదు. ముళ్ళకంప ఎండిపోయి ఉంది. దాన్ని లాగుతుంటే మేకల ముసలావిడ కేక వేసింది.

"ఆ రాయి జోలికి పోమాక, అయ్యా. కింద యిసం ఉంది."

"ఎవరు చెప్పారు?"

"అప్పుడు నీతో వచ్చినాయనే. మిలిటరీ ఆయన. కుక్కల్ని కూడా తవ్వనియ్యొద్దన్నాడు. అప్పటి సంది కాపలా కాస్తన్నా. నీకు తెలవదా ఏంది?"

ఆవిడ వద్దంటున్నా రాయి పక్కకు దొర్లించాను. కర్రతో తవ్వాను. డబ్బా రెండు వైపులా పూరీలాగా ఉబ్బి, కుట్టు దగ్గర పగిలి ఉంది. ఆ వాసనకు మేకలు సైతం పక్కకు తప్పుకున్నాయి. తినివుంటే నేను ఈ రెండో నివేదిక రాసేవాణ్ణి కాదు. మన్ను మళ్ళీ కప్పి, రాయి దొర్లించి, పచ్చికంప కొట్టి పైన వేశాను. ఆవిడ దగ్గరుండి వేయించింది.

మాచర్లలో మధ్యాహ్నం కారంపూడి మీదుగా పోయే వినుకొండ బస్సు దొరికింది. వినుకొండలో రాత్రి లాడ్జిలో ఉండి, పొద్దున గుంటూరు వైపు పోయే పాసింజరు ఎక్కి శావల్యాపురంలో దిగాను. తరవాతి బండికి మూడు గంటల వ్యవధి ఉంది.

కోటయ్య, భార్య అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి ఆమె లేవలేదు.

"ఏమయ్యా, ఈసారి మా ఇంట్లో ఏం లెక్కపెట్టుకోను వచ్చావు?"

"ఊరుకోయే," అన్నాడు కోటయ్య. "కూర్చో, తమ్ముడూ."

తవ్వి చూశానని చెప్పాను. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగాక, తప్పు మళ్ళీ ఆయన మీదకే తోస్తున్నానని తెలిసింది.

"ఇంటికాడ కొట్టి సూస్తే మూడూ బాగానే మోగినయ్. బస్సు మీద కుదుపులకి, దారి ఎండకి ఒకటి ఉబ్బింది. లంగరులో, అదే పటాలం వంటశాలలో, మాకొక పద్ధతుంది. తినేవాడి ముందు రేషన్‌ని అనుమానించకూడదు. ఒకడు మొహం చిట్లిస్తే పటాలమంతా పస్తుంటది. చెడ్డది చెప్పకుండా తీసి, లోతుగా పాతి, మంచిది పెట్టాల."

"హాస్టలు ఉద్యోగం..."

"పోయిందిగా," అంది ఆమె, తొడిమ తుంచుతూ. "ఇంకెవరో తాళాలు తిప్పుతున్నారంట."

నేను మన పత్రంలో తప్పు ఒప్పుకుని రాస్తానని, ప్లీడరుగారికి నేనే చదివి వినిపిస్తానని అన్నాను. కోటయ్య ఇంకో మిరపకాయ అందుకున్నాడు. "రాసేదైతే డబ్బా కొట్టి సూడటం కూడా రాయి. పది మందికి పనికొస్తది," అన్నాడు. అందుకని రాస్తున్నాను: మంచి డబ్బా గట్టిగా, మూతకు మూత ఒకేలా పలుకుతుంది. చెడ్డది డొల్లగా పలుకుతుంది. మూత ఏమాత్రం పైకి లేచినా తెరవవద్దు, పారేయవద్దు, పాతిపెట్టండి. చుట్టుపక్కల వాళ్ళకు చెప్పండి.

లేవబోయే ముందు సంచిలోంచి హల్వా డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను. ఆనాటిదే. నెల పైగా బీరువాలో దాచి, ఎవరినీ తిననివ్వకుండా ఉంచింది. కోటయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మిరపఘాటుకు ఎర్రబడ్డ వేలితో మూత మీద రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"బాగుంది. తిను," అని తిరిగి ఇచ్చాడు.

పన్నెండు దాటాక పేట వైపు బండి వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. చాకుతో డబ్బా తెరిచాను. పెట్టెలోని చీటీ ఇంకా నా జేబులోనే ఉంది. తీయలేదు. నెయ్యి గడ్డకట్టి, తీపి కొంచెం ఎక్కువగా, యాలకుల వాసనతో ఉంది. ఎదుటి సీటులో మిరప బస్తాల మధ్య కూర్చున్న రైతు అడిగాడు.

"ఏంది సార్ అది? రైల్లో ఇచ్చింది తినొద్దంటారు, నిజమేనా?"

"ఇది కోటయ్య ఇచ్చింది," అని సగం అతని చేతిలో పెట్టాను. అతను కాసేపు నా మొహం చూసి, నేను తిన్నాక తిన్నాడు.