పైకి లేచిన చెయ్యి

ఆయన్ని తలుచుకుంటే ముందు కళ్లలో మెదిలేది ఆ చెయ్యే. మా పొద్దుటి సైకిల్ జట్టులో అందరికన్నా పెద్దవాడు. ఒకప్పుడు హీరోలకు డూపుగా మేడల మీంచి దూకినవాడు. దూకి పడ్డాక, దెబ్బ తగల్లేదని సెట్లో అందరికీ తెలిసేలా చెయ్యి పైకెత్తడం ఫైటర్ల అలవాటు. అరవై దాటినా ఆయనకది పోలేదు.

ఫిల్మ్‌నగర్ వాలులో ఇసుక మీద చక్రం జారి పడ్డాడోసారి. ఎంత అందంగా దొర్లాడంటే, చెయ్యి లేవగానే మేం చప్పట్లు కొట్టాం. మోకాల్లో లిగమెంట్ తెగిందని ఆస్పత్రికి వెళ్లాకే తెలిసింది.

"నొప్పని చెప్పొచ్చు కదన్నా?" అన్నాను.

"చెయ్యి లేవకుంటే షూటింగ్ ఆగుతది తమ్మీ. మళ్ల పిలవరు."

కాలు కాస్త కుదిరాక మళ్లీ వచ్చాడు. ఎత్తు రాగానే దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెనకపడేవాడు. మేం తిరిగి చూస్తే చాలు, చెయ్యి లేచేది. దాన్ని నమ్మడం మానేశాం గానీ, ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒక ఉదయం జూబ్లీహిల్స్ ఎత్తు మధ్యలో ఆగిపోయాడు. వెనక్కి తిరిగాను. చెయ్యి సగం దాకా లేచింది. అక్కణ్ణుంచి మెల్లగా నా వైపు చాచాడు.

"జర పట్టుకో తమ్మీ. నొస్తున్నది."