రెండు ఉల్లిగడ్డలు

నది అనగానే గోదావరి జిల్లాలో పుట్టిన నాకు చెమట గుర్తొస్తుంది. అందుకే నైలు నది మీద ఓడ ప్రయాణానికి పెట్టె సర్దుతూ ముందు టాల్కం పౌడరు డబ్బాలు పెట్టాను. టూరు వాళ్లేమో అక్కడంతా పొడి ఎండ, చెమట పట్టేలోపే ఆరిపోతుంది, నీళ్లు తాగుతూ ఉండండి అన్నారు. అంటే మా సికింద్రాబాద్ మే నెలే. పౌడరు తీసేసి వాజలీను, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పొడుగు చేతుల నూలు చొక్కాలు, వెడల్పు టోపీలు పెట్టాను. మావారు పెట్టె మీద కూర్చుని జిప్పు లాగడం తప్ప దేనికీ ముందుకు రారు.

మర్నాడు తలకు చుట్టుకునే స్కార్ఫు పెడదామని తెరిస్తే చొక్కాల మధ్య రెండు ఉల్లిపాయలున్నాయి. మా అత్తయ్య పనేనని అడగక్కర్లేదు. తీసుకెళ్లి వంటింటి బుట్టలో పడేశాను. సాయంత్రానికి మళ్లీ పెట్టెలోనే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

“అత్తయ్యా, పచ్చి కూరగాయలు ఆ దేశంలోకి రానివ్వరట. బట్టలకు కంపు కూడానూ.”

“ఎండల తిరిగేటోళ్లు జేబుల ఉల్లిగడ్డ పెట్టుకోవాలె. వడదెబ్బ తగల్దు.”

“ఏ డాక్టరూ చెప్పడు అలా!”

ఆవిడ మంచం మీద కూర్చున్నారు. రైల్వేలో పనిచేసిన మామగారు వడదెబ్బతో పోయారని నాకు తెలుసు. ఆ రోజు సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

“మౌలాలి క్వార్టర్ల ఉన్నప్పుడు రోజూ ఆయన జేబుల నేనే పెడ్తుంటి. ఆ దినం ఇంట్ల ఒక్కటే గడ్డ ఉండె. పొద్దుగాల కూరల ఏసిన. జేబుల పెట్టనీకి లేకుండె. పగటియాళ్ల పట్టాల కాడ పడిపోయిండు. ఇగ లేవలే.”

ఉల్లిపాయతో ఆగేది కాదు అత్తయ్యా అనబోయి నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ కూర ఆవిడ గొంతుకు అడ్డం పడే ఉంది. ఇప్పుడు కొడుకును అలాంటి ఎండలోకి పంపాలంటే ఆవిడకు భయం. నాకు చాలా బాధేసింది. దిగగానే అక్కడే ఉల్లిపాయ సంపాదిస్తానని, ఫోనులో చూపిస్తానని మాటిచ్చాను.

“మర్వవు గద బిడ్డా?”

మరిచిపోనని ఒట్టేస్తే గానీ ఆవిడ పెట్టెలోంచి ఆ రెండూ తీయలేదు.

ఓడ ఎక్కి వంటవాణ్ణి ఉల్లిపాయ అడిగితే చక్రాలుగా తరిగి, నిమ్మకాయ పిండి ప్లేటులో తెచ్చాడు. సైగలు చేసి, పక్క బల్లల వాళ్లకు నవ్వులాటై, చివరికి ఒక పూర్తి ఉల్లిపాయ సంపాదించాను. చూస్తే మోండా మార్కెట్లో దొరికేలాంటిదే. దాన్ని మావారి జేబులో పెట్టి, ఒడ్డున ఉన్న పాత కట్టడాలు చూడ్డానికి దిగేముందు ఇంటికి వీడియో కాల్ చేశాను.

“ఏదీ, చూపియ్యి!” అన్నారు అత్తయ్య, ఇంకో మాట లేకుండా.

మావారు బుద్ధిమంతుడిలా జేబులోంచి తీసి చూపించారు. ఆవిడ ముఖం తేటపడింది. హమ్మయ్య అనుకుని ఫోను పెట్టేయబోయాను.

“ఆగు, ఫోను నీ దిక్కు తిప్పు బిడ్డా.”

తిప్పుకున్నాను.

“మరి నీ గడ్డేదీ? నేను రెండు ఎందుకు పెట్టిననుకున్నవ్?”

ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని పెట్టారనుకున్నాను అప్పటిదాకా. ఒడ్డున టూరు బస్సు హారన్ కొడుతోంది. మావారిని ఫోను పట్టుకోమని, నేను మళ్లీ ఆ వంటవాడి దగ్గరికి పరుగెత్తాను.