ఓబుళరెడ్డి గారి చీకటి వైద్యం

కోవిడ్ సద్దుమణిగిన తర్వాతి వేసవిలో నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. అక్కడొక క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ విభాగానికి అధిపతిని. పేరుకే అధిపతిని. నా కింద ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లుంటే, నా మీద లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం ఉండేది. గడ్డ మీదికి కిరణాలు పంపేది అదే. గదిలో ఏసీ కాస్త తగ్గినా అలిగేది. దాన్ని బుజ్జగించాకే మిగతా ఎవరి పనైనా.

అప్పుడు వచ్చారు ఓబుళరెడ్డి గారు. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని, అరవై దాటిన మనిషి. స్వరపేటిక మీద చిన్న గడ్డ. తొలిదశలోనే దొరికింది కాబట్టి కోత లేకుండా, గొంతు పోకుండా రేడియేషన్‌తోనే నయమయ్యే అవకాశం ఎక్కువ. ఒకటే షరతు, మొదలుపెట్టాక మానకూడదు. మధ్యలో ఖాళీ వస్తే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి. అందుకే ఏ రోగి అయినా వరుసగా రెండు రోజులు రాకపోతే మా సోషల్ వర్కర్ ఫోన్ చేసి తీరాలి.

రెండో వారంలోనే ఆయన రావడం మానేశారు. ఫోన్ చేస్తే భార్య నాగలక్ష్మమ్మ ఎత్తారు. ఆయన మాట్లాడరట. ఫోన్ వెలుతురు తగిలితే హార్మోను చెడిపోతుందట.

ఆ హార్మోను పేరు మెలటోనిన్. మెదడు లోపల బియ్యపుగింజంత గ్రంథి ఒకటి చీకటి పడ్డాక దాన్ని విడుదల చేసి శరీరానికి నిద్రవేళ తెలియజేస్తుంది. ప్రయోగశాలలో అది క్యాన్సర్ కణాల పెరుగుదలను నెమ్మదింపజేసిన మాట నిజమే. మనుషుల్లో మాత్రం అది గడ్డను తగ్గిస్తుందని ఇంకా రుజువు కాలేదు. ఈ రెండో వాక్యం వాట్సాప్ వీడియోలో పెడితే ఎవరు చూస్తారు? మొదటి వాక్యమే, చీకట్లో ఉంటే గడ్డ కరుగుతుందన్న మాటగా మారి, బేతంచెర్ల చేరింది.

విభాగాధిపతి రోగి ఇంటికి వెళ్లాలని ఏ నిబంధనా లేదు. నాకు ఒళ్లుమండి వెళ్లాను. బండల వ్యాపారి కాబట్టి ఆయన కర్టెన్లతో సరిపెట్టుకోలేదు. కిటికీలన్నిటికీ పాలిష్ బండలు ఆనించి సిమెంటు పూయించేశారు. పట్టపగలు గోడలు తడుముకుంటూ లోపలికి పోయాను. ఉప్మాలో ఉప్పుకు బదులు చక్కెర వేశానని, ఆయన బాగుందనే తిన్నారని నాగలక్ష్మమ్మ చీకట్లోంచే ఫిర్యాదు చేశారు.

మంచం ఉన్నవైపు తిరిగి పాఠం మొదలుపెట్టాను. పగలు చీకట్లో కూర్చుంటే లాభం లేదని, పొద్దుటి వెలుతురు తగిలితేనే ఒంట్లోని గడియారం సరిగా నడిచి రాత్రికి ఆ హార్మోను వేళకు ఊరుతుందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అయితే రోజూ పొద్దున కాసేపు మిద్దె మీద ఎండలో కూర్చుని మళ్లీ లోపలికొస్తానన్నారు. కర్నూలు ఊసే లేదు. నా పాఠం ఆయన వైద్యానికి మెరుగులు దిద్దడానికే పనికొచ్చింది.

అప్పుడు మెలటోనిన్‌ను పక్కనబెట్టి, మా ఆసుపత్రిలో మీకేమైనా కష్టం కలిగిందా అని అడిగాను.

"ఆ ముసుగు డాక్టరమ్మా" అన్నారు. "మొగం మీద పెట్టి బల్లకు బిగిస్తారు. అందరూ బయటికి పోయి తలుపేస్తారు. క్వారీలో మట్టి కింద పడినట్టుంటాది. ఈడ చీకటైనా లేసి తిరగొచ్చు. ఫ్యాక్టరీలో అందరికీ పెద్దరెడ్డిని, భయమని యాడ చెప్పుకునేది?"

ముసుగు సంగతి నేను చూసుకుంటాను, రేపు రండి అన్నాను. ఒకసారి వచ్చి చూస్తానన్నారు.

ఆ ముసుగు వేడి నీళ్లలో మెత్తబడి, ముఖం ఆకారంలో గట్టిపడే ప్లాస్టిక్ వల. తల కదలకుండా ఉండాలి కాబట్టి దాన్ని తీసేయలేం. మర్నాడు ఆయన రాగానే కళ్ల దగ్గరా నోటి దగ్గరా కత్తిరించి, అమరిక చెడలేదని మళ్లీ స్కాన్ తీసి చూసుకున్నాం. చేతికి ఒక బెల్లు ఇచ్చాం. కంట్రోల్ రూమ్ మైకులో నాగలక్ష్మమ్మను మాట్లాడమన్నాం. ఏ లారీ ఎప్పుడు పోయింది, ఏ బండ పగిలింది, ఎవరి నిర్లక్ష్యంవల్ల పగిలింది అని ఆమె రోజూ వినిపించేవారు. ఆమె మాట్లాడుతుంటే మెదలకుండా పడుండటం ఆయనకు పెళ్లైనప్పటి నుంచీ అలవాటే. పోయిన రోజులకు బదులుగా కొన్నాళ్లు ఆరు గంటల ఎడంతో రోజుకు రెండుసార్లు రేడియేషన్ ఇచ్చాం. గడ్డ పోయింది, గొంతు మిగిలింది.

చివరి రోజున ఆయన, "ఇంతకీ ఆ హార్మోను పని చేస్తాదా?" అని అడిగారు. ఇంకా తెలియదని, పరిశోధనలు జరుగుతున్నాయని, రాత్రి దీపమార్పి పడుకుంటే మాత్రం తప్పులేదని చెప్పాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, అద్భుతమైన మందు పేరెత్తిన రోగితో ఆ మందు గురించి వాదించడం మానేశాను. మా వైద్యంలో దేనికి భయపడుతున్నారని ముందు అడిగేదాన్ని. చాలామంది దగ్గర జవాబు సిద్ధంగానే ఉండేది. అంతవరకూ అడిగినవాళ్లే లేరు.