అందరినీ విడివిడిగా పలకరించిన ప్రోగ్రాం

మూడేళ్ల కిందటి సంగతిని ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదు. కానీ అప్పటి నన్ను తలచుకుంటే, ఆయనెవరో నాకన్నా చాలా పెద్దవాడని, లోకంలోని ప్రతి విషయం మీదా తీర్పు చెప్పేసి కూర్చున్నాడని అనిపిస్తుంది. కాలేజీ డిబేట్లలో ఆరితేరి (ఇది నా అభిప్రాయమే) నర్సీపట్నంలో చెరకు రైతులకు లెక్కలు కట్టిపెట్టే చిన్న ఆఫీసులో చేరాను. నాటిన నాటి నుంచి ప్రతి పొలం మీదా పడిన వాన, కాసిన ఎండ, రసంలోని తీపి అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కేవి. ఏ పొలం కోతకు సిద్ధమైందో నా ప్రోగ్రాం తేల్చేది. దాన్నిబట్టి రైతుకు కటింగ్ ఆర్డర్ వెళ్లేది. అది అందనిదే చెరకు నరకడానికి లేదు. నేను లూప్ రాశాను: ఒక పొలాన్ని తీసుకో, లెక్కించు, పక్కన పెట్టు, తరువాతి పొలాన్ని పిలువు. పొద్దున్న మొదలైతే భోజనాల వేళకు ముగిసేది.

మా సీనియర్‌ను అందరూ అక్క అనేవారు. “తమ్ముడూ, తుని బస్సులో ఒక్కొక్కలినే దింపొచ్చి ఇంకొకల్ని ఎక్కించుకుంతారేటి? కాలమ్ మొత్తం ఒకేసారి లెక్క కట్టించీ. బేగి అయిపోద్ది,” అన్నది.

“బస్సుకు గుంపే కనిపిస్తుందక్కా, మనిషి కనిపించడు. ప్రతి రైతునూ విడిగా పరిశీలించడం ప్రజాస్వామిక బాధ్యత.”

“అయితే కంప్యూటర్‌తోనూ ఓటేయించీ,” అని ఆమె టీ అందుకుంది.

అంతలో గొలుగొండ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వరుసగా మూడో వారం రావడం. “సెరుకు పూతకొచ్చేసినాది బాబూ, ఎండిపోతంది. పక్కోడు నరికీసినాడు. నా ఆర్డరేది?”

“ఇక్కడ ఒక్కొక్కరినీ విడివిడిగా చూస్తామండీ. కాస్త ఓపిక పట్టండి,” అన్నాను (మూడో వారమూ అదే వాక్యం, అదే గాంభీర్యం).

అక్క నన్ను కుర్చీలోంచి లేపి, నా లూప్ స్థానంలో ఒకే ఒక్క లైను రాసింది. పెద్దాయన బల్ల మీద కూర్చునేలోగా పొలాలన్నిటి లెక్కా తేలిపోయింది. ఓటమి ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. “వేగం సత్యానికి రుజువు కాదు. రెండు జాబితాలనూ పోల్చాల్సిందే,” అని పట్టుబట్టాను. పోల్చింది. అంకెలన్నీ సరిపోయాయి, ఆమె జాబితాలో మాత్రం ఒక పేరు ఎక్కువ ఉంది. లూప్ ఎక్కడ ఆగాలో చెప్పేచోట నేను ఒకటి తక్కువ రాశాను. అందుచేత నా ప్రోగ్రాం వారం వారం అందరినీ మర్యాదగా పలకరించి, ఆఖరి వరుస ముందు ఆగిపోయేది. ఆ ఆఖరి వరుస ఎదురుగా బల్ల మీద కూర్చున్న పెద్దాయనది.

కటింగ్ ఆర్డర్ ఆయన చేతిలో పెట్టి, “తప్పు నాదండీ,” అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏ కోపమూ లేకుండా అడిగారు: “ఒక్కొక్కలినీ సూస్తన్నానన్నావు గదా బాబూ, మరి నన్నెలాగొగ్గేసినావు?”

అయినా మూడేళ్ల కిందటి ఆ డిబేట్ల కుర్రవాడి మీద నాకు కోపం రాదు. ప్రతి మనిషినీ విడిగా చూడాలన్న అతని కోరిక మంచిదే. పాపం, మనుషులు మొత్తం ఎంతమందో అతనికి తెలియలేదు, అంతే.