పట్టు మునిగిన రోజు

నిన్న మా కోడలు కొత్త గద్వాల చీరను మొదటిసారి నీళ్లలో జాడించి బాల్కనీలో ఆరేసింది. తడిసిన పట్టుకు ఒక వాసన ఉంటుంది, కొంచెం ఉడికిన గింజల వాసన, కొంచెం వానకు తడిసిన గొర్రె బొచ్చు వాసన. ఇంట్లో అందరూ మొహం చిట్లించుకొని లోపలికి పోయారు. నేను మాత్రం కుర్చీ జరుపుకొని దాని పక్కనే కూర్చున్నాను, కూర్చున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందని పెద్దలు చెప్పుకునే ఆ రోజుల్లో, గద్వాలలో మా వీధి మగ్గాల చప్పుడుతోనే లేచేది. ఎండాకాలం గుంతమగ్గం గుంతలో చల్లగా ఉంటుందని పిల్లలం అందులో దూరి తిట్లు తినేవాళ్లం. తొలి ఏకాదశికి జొన్నపేలాలు విసిరి బెల్లం కలిపిన పేలపిండిని నోటినిండా పోసుకొని, మామా అనమని ఒకరినొకరం సతాయించి, పిండంతా ఎదుటివాళ్ల మొహాన ఊది పడీ పడీ నవ్వుకునేవాళ్లం. బతుకమ్మకు మలీద ముద్దలు, పీర్ల పండుగకు బెల్లం షర్బత్, చలికాలం పొద్దున సజ్జరొట్టె మీద వెన్నముద్ద, ఇవన్నీ మా మేనత్త బాలమ్మ చేతి నుంచే అందేవి. పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి ఆమె. దవడన ఆకువక్క పెట్టుకొని బేరానికి కూర్చుందంటే సావుకార్లు కూడా జంకేవారు.

వీధిలో ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లు రోజూ వంటకు జొన్నలు తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి, నెలకోసారి తెచ్చి మా అత్త కుండలో పోసేవారు. మానెడు జొన్నలకు ఒక చింతగింజ లెక్కన ఆ ఇంటి పేర ఉన్న గుడ్డసంచిలో పడేది. కుండ నిండితే ఆమె ఆ జొన్నలు మార్చి కొన్ని గొర్రెపిల్లలు, కొంత పల్లికాయ, కొంత బెంగళూరు వైపు నుంచి వచ్చే పట్టు కొనేది. పట్టుకు రంగు వేసి అమ్మితే నాలుగింతల గిరాకీ. అన్నీ ఒక్కదాంట్లోనే ఎందుకు పెట్టవని ఎవరైనా అడిగితే, “పురుగు పడితె పల్లి పోతది, రోగమొస్తె గొర్రె పోతది. మూడూ ఒక్కపారె చెడ్తయా ఏంది?” అనేది. ఏడాది తర్వాత చేరిన ఒకామెకు గింజకు మానెడున్నర పోయమంది. అప్పటికి ప్రతి గింజ వెనకా అంత సొమ్ము పెరిగిందన్నమాట.

ఇప్పుడు మా మనవడు ఫోన్‌లో ఎగుడుదిగుడు గీతలు చూపిస్తూ, మ్యూచువల్ ఫండ్ అంటే ఏమిటో ఎంతో ఓపికగా నాకు చెబుతాడు. అక్షరం ముక్క రాని మా అత్త ఇదంతా ఒక కుండతో, చింతగింజలతో నడిపిందిరా అని చెప్పాలని నాలుక దాకా వస్తుంది. చెప్పను. చెబితే తర్వాత ఏమైందని అడుగుతాడు.

ఆ ఎనిమిది మందిలో ఈరమ్మ ఒకతె. ఆమె మగడు సావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడు. సొంత మగ్గం పెట్టుకోవాలని ఆమె ఒక పిడికెడుకు బదులు రెండు తీసేది, తాను ఒక పూట పలచటి జొన్నగట్కతో సరిపెట్టుకునేది. “దసరకు మా ఇంట్ల మగ్గమొస్తది” అని ఆమె కొడుకు నాగప్ప, నా ఈడువాడు, వీధంతా చాటుకుంటూ తిరిగేవాడు.

ఆ ఏడు వానాకాలంలో వామనగుంటలు ఆడటానికి గింజలు తక్కువై, నేను ఈరమ్మ సంచిలో చెయ్యి పెట్టాను. అత్త చూసింది. నా జతగాళ్లందరి ముందు చెవులు పట్టించి గుంజీలు తీయించింది. “అవి గింజలు గావే పోరీ, ఒకామె కడుపు మాడ్చుకున్న కూడు” అంది. నాకు ఆ మాట ఎక్కలేదు, జతగాళ్ల నవ్వులే ఎక్కాయి.

మర్నాడు పొద్దున పెరట్లో రంగు కాగు కాగుతోంది. మా నాయన మగ్గం మీది నుంచే, “పట్టు మునిగిందా?” అని కేకేశాడు. “ఆ, అంత మునిగిందన్నా!” అంది అత్త. పక్కనే నిలబడి చూస్తున్నాను, ఏం మునిగిందో, ఎందులో మునిగిందో నాకు బాగా తెలుసు. అయినా తిన్నగా ఆడవాళ్లు పిండి విసురుకునే చోటికి పోయి, పెద్దవాళ్లలా చెంపన చెయ్యి పెట్టుకొని, గొంతు తగ్గించి అన్నాను: “మా అత్త కొన్న పట్టంత మునిగిందంట.”

అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి. అంత పాపిష్టిదాన్ని నేను.

విసుర్రాయి ఆగిపోయింది. ఈరమ్మ ఒక్కతే, “బాలమ్మక్కను అడుగుదం, జర ఆగుండ్రి” అంది. ఎవరు ఆగుతారు! పొద్దెక్కేసరికి ఏడుగురూ మా వాకిట్లో ఉన్నారు. మునిగింది రంగులోనేనని అత్త కాగులోంచి కర్రతో పట్టు లేపి చూపించింది. నల్లగా, చిక్కుపడి, నీళ్లు కారుతున్న ఆ కుప్పను చూసి వాళ్లు మరింత బెదిరారు. మా నాయన చెప్పబోతే చెల్లెల్ని వెనకేసుకొస్తున్నాడన్నారు. అప్పుడు ఆమె నా భుజం పట్టుకొని ముందుకు తెచ్చింది. “నువ్వు ఆడ్నే ఉంటివి గద బిడ్డా. నాయినకు నేనేమన్ననో జెప్పు.”

నేను నేల చూస్తూ, “నాకు తెల్వదు” అన్నాను.

ఆ చెయ్యి నా భుజం మీద ఇంకొంతసేపు ఉంది. తర్వాత తీసేసింది.

తమ జొన్నలు తమకిమ్మని అందరూ పట్టుబట్టారు. ముందు అడిగినవాళ్లకు కుండలో ఉన్న జొన్నలతో చింతగింజల లెక్కన పూర్తిగా తీర్చింది. అవి అయిపోయాక, ఇంకా ఎదగని గొర్రెపిల్లల్ని సంతలో దొరికిన ధరకు, పల్లికాయను సావుకారు చెప్పిన ధరకు, రంగైనా సరిగా పట్టని పట్టును అడిగినవాడికి అడిగినంతకు ఇచ్చేసింది. అత్తను నమ్మి అందరికంటే చివర వచ్చిన ఈరమ్మకు, చేరవలసిన దానిలో సగం కూడా చేరలేదు. దసరాకు వాళ్లింటికి మగ్గం రాలేదు. ఆ తర్వాత రెండు నెలలకే యుద్ధం మూలంగా పట్టు దొరక్క దాని ధర ఎక్కడికో పోయింది. అందాకా ఆగి ఉంటే ఈరమ్మకు ఒకటి కాదు, రెండు మగ్గాలు వచ్చేవేమో. ఆగనివ్వనిది నేను.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే నూనె రాసి జడ వేసింది. ఆమెకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. వీధిలో ఎవరూ ఆమె దగ్గర మళ్లీ పిడికెడు జొన్నలు పోయలేదు. బావి దగ్గర ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. అట్లాగే ముసలిదై కన్నుమూసింది.

కొన్నేళ్ల కింద పెళ్లికని గద్వాలకు పోయి ఆ వీధిలో నడిచాను. రంగు ఉడికే వాసన లేదు, పెరళ్లలో గదులు లేచాయి, గుంతమగ్గాలు చాలావరకు పూడ్చేశారు, పిడికెడు తీసి పక్కన పెట్టే అలవాటు ఒకటి ఉండేదని కూడా ఎవరికీ తెలియదు. నాగప్ప ఇంటి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. బతుకంతా పరాయి మగ్గం మీదే నేశాడట. నన్ను గుర్తుపట్టి, చాయ్ తెప్పించి, కాసేపయ్యాక అన్నాడు: “ఏమనుకోకక్కా, మా అమ్మ సచ్చెదాక మీ అత్తను తిట్టింది. మా మగ్గం మింగిందని.”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? ఆమె తప్పు లేదు నాగప్పా, నాదే అంటే అయిపోయేది.

“పోయినామెను ఏమంటం తియ్యి, నాగప్పా” అన్నాను, ఏదో నేనే పెద్దమనసుతో మా అత్తను క్షమించినట్టు. ఆయన తల ఊపి, ఇంకో కప్పు చాయ్ తాగి పొమ్మన్నాడు.